ఉప్పుటేరు ఒడ్డున ఒక ఆదివారం: దుబాయ్‌లో సెలవు గడిపే తీరు

(దృశ్యం: తెల్లవారుతున్న వేళ గోపాలపురం తీరం)

నమస్కారం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల నుంచి పనికోసం దుబాయ్ వెళ్లే మన తెలుగువారిలో చాలామంది, వారానికి ఒక్కరోజు దొరికే సెలవును నిద్రతోనూ ఫోనుతోనూ గడిపి, రెండు మూడేళ్ల తరువాత ఇంటికి వచ్చి, అక్కడ ఎత్తయిన భవనాలు తప్ప మరేమీ చూడలేదని చెబుతుంటారు. నేనూ మొదటి ఏడాది అలాగే గడిపాను. ఆ ఊళ్లో చూడదగినవన్నీ డబ్బున్నవారికే అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని మార్చింది, అక్కడి డబ్బులో ఒక్క దిర్హమ్ ఇచ్చి చేసిన పడవ ప్రయాణం.

(దృశ్యం: క్రీక్‌లో ఎదురుబొదురుగా సాగుతున్న చెక్క పడవలు)

దుబాయ్ ఎడారి నగరమే అయినా పెరిగింది నీటి ఒడ్డున. సముద్రం నుంచి లోపలికి చొచ్చుకువచ్చిన ఉప్పుటేరును అక్కడ క్రీక్ అంటారు. దానికి ఒకవైపు బర్ దుబాయ్, మరొకవైపు దేరా ఉన్నాయి. ముత్యాల వేట, ఓడల వ్యాపారం దీన్ని ఆధారం చేసుకునే సాగాయి. ఇసుక మేటలు వేసి ఓడలకు దారి కష్టమైనప్పుడు, 1950ల చివర పూడిక తీయించడం మొదలుపెట్టారు. కాబట్టి మీ మొదటి సెలవురోజును మాల్‌లో కాక ఇక్కడ గడపమని నా సలహా.

మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ ఘుబైబా స్టేషన్ దగ్గర దిగి కొద్దిదూరం నడిస్తే అబ్రా అనే పడవల రేవు వస్తుంది. రంభ దగ్గర చిలక సరస్సులో పడవ ఎక్కినవారికి ఇది మరీ కొత్త కాదు గాని, కూర్చునే తీరు వేరు. పడవ నడుమ పొడవునా ఉన్న బల్లమీద ప్రయాణికులు రెండు వరుసలుగా, వీపులు కలిపి, నీటివైపు ముఖం పెట్టి కూర్చుంటారు. మధ్యలో గోతిలాంటి చోట ఉండి పడవ నడిపే సరంగు ఒక చెయ్యి చాచగానే, నాణేలు చేతులు మారుతూ అతనికి చేరతాయి. అవతలి రేవులో దిగితే సుగంధ ద్రవ్యాల బజారు, ఆ పైన బంగారం బజారు వస్తాయి. ఏమీ కొనకపోయినా, నల్లగా ఎండిన నిమ్మకాయల బస్తాల మధ్య ఒక గంట హాయిగా గడిచిపోతుంది.

(దృశ్యం: అల్ ఫహీదీ సందులు, ఇళ్ల మీది గాలి గోపురాలు)

తిరిగి బర్ దుబాయ్ వైపు వస్తే అల్ ఫహీదీ పాతపేట ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఇళ్ల మీద కనిపించే నలుచదరపు గోపురాలను బర్జీల్ అంటారు. వాటి పైభాగం నాలుగువైపులా తెరిచి ఉంటుంది. లోపల గుణకారం గుర్తులా కట్టిన అడ్డుగోడల వల్ల, గాలి ఏ దిక్కు నుంచి వీచినా ఆ వైపు అరలోంచి కిందికి దిగి గదిలోకి చేరుతుంది, గదిలోని వేడిగాలి ఎదుటి అరగుండా పైకి పోతుంది. ఒక అక్టోబరు మధ్యాహ్నం నేను దాని కింద నిలబడి చెమట తుడుచుకుంటుండగా, చేతిలోని తువ్వాలు అంచు నెమ్మదిగా ఊగింది. బయట సందులో అంత గాలి లేదు. కరెంటు లేని కాలంలో ఆ ఎండలో మనుషులు ఎలా బతికారో అప్పుడు అర్థమైంది. మన మండువా ఇళ్లు కట్టిన పెద్దలకూ ఇదే ఆలోచన ఉండేది. సందులను ఇరుకుగా వేయడం కూడా ఒక గోడ నీడ ఎదుటి గోడమీద పడాలనే.

క్రీక్ లోపలి కొసన రాస్ అల్ ఖోర్ పక్షుల అభయారణ్యం ఉంది. చలికాలంలో అక్కడ ఫ్లెమింగోలు గుంపులుగా చేరతాయి, వాటి వెనుక ఆకాశహర్మ్యాలు కనిపిస్తుంటాయి. ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో మన చిలక సరస్సు 1981లో చేరితే, ఇది 2007లో చేరింది. నాతో వచ్చిన చిలక ఒడ్డు మిత్రుడు, ఆ పక్షులు ముక్కును తలకిందులుగా ముంచి నీటిని వడగట్టుకుని తినే తీరును, తమ ఇంటి కోళ్ల గురించి చెప్పినంత వివరంగా మా అందరికీ చెప్పాడు.

(దృశ్యం: సాయంత్రం, దీపాలు)

1997లో క్రీక్ ఒడ్డునే మొదలైన గ్లోబల్ విలేజ్ అనే దేశదేశాల సంత ఇప్పుడు ఊరి వెలుపల, చలికాలపు నెలల్లోనే సాగుతుంది. జెబెల్ అలీలో 2022 అక్టోబరులో ప్రారంభమైన హిందూ దేవాలయానికి కూడా సెలవురోజున వెళ్లిరావచ్చు.

వేళ విషయంలో మాత్రం పట్టుదల వద్దు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించడాన్ని అక్కడి ప్రభుత్వమే నిషేధించింది. పనికే పనికిరాని ఆ వేళ షికారుకు అసలు పనికిరాదు. ఆ నెలల్లో రాత్రి కూడా మన తీరంలాగే ఉక్కపోస్తుంది కనుక, ఈ తిరుగుడు నవంబరు నుంచి మార్చి లోపు పెట్టుకోండి. ఆదివారం మెట్రో ఉదయం 8 గంటలకు గాని మొదలుకాదు. అంతకుముందే పడవ ఎక్కాలనుకుంటే బస్సులో బయలుదేరండి, జేబులో ఒక దిర్హమ్ నాణేలు ఉంచుకోండి.