క్వారీ పూడ్చే ముందు అక్కడి మొక్కల లెక్క తీయండి

తాండూరు వైపు నాపరాయి క్వారీలు చూసే ఉంటారు. రాయి తీసేశాక మిగిలేది ఒక గుంత, పక్కన పనికిరాని ముక్కల గుట్టలు. అందరూ దాన్ని బీడు అనేస్తారు. దగ్గరికెళ్లి చూడండి, ఆ రాళ్ల సందుల్లోనే తంగేడు, వెంపలి, గడ్డిచామంతి కనిపిస్తాయి, అంచుల్లో రేగు, నీళ్లు నిలిచిన చోట తుంగ. వీటిని ఎవరూ నాటలేదు.

తవ్వకం అయిపోయిన నేలలో మళ్లీ గడ్డి, పశువుల మేత పెరిగేలా చేయాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా అవసరమైన మాట. మరి ఏ గడ్డి, ఏ మొక్క? జేసీబీ రాకముందే అక్కడ చూసుకోవాలి.

[స్క్రీన్ మీద: మేకులు, దారంతో కట్టిన చదరం]

గుట్ట పైభాగం, వాలు, గుంత అడుగు, తవ్వని అంచు, వీటిని విడివిడిగా చూడండి, ఎందుకంటే నీడ, తడి, మట్టి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. లెక్కకు మేకులు, దారంతో చదరాలు కట్టండి, ఒక్కో వైపు గడ్డికి మీటరు, పొదలకు 5 మీటర్లు, చెట్లకు 10 మీటర్లు. పచ్చగా ఉన్నచోటే చదరం వేయాలనిపిస్తుంది, అలా వేస్తే లెక్క తప్పుతుంది, అందుకే చోట్లు ముందే మ్యాపు మీద గుర్తు పెట్టుకోండి. ప్రతి చదరంలో ఏ మొక్క, ఎన్ని, నేలను ఎంత కప్పింది రాయాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్తే చాలా మొక్కలు పూతలో ఉంటాయి, గుర్తుపట్టడం తేలిక. ఎండల్లో ఇంకోసారి వెళ్తే ఏవి తట్టుకున్నాయో తెలుస్తుంది. పేరు తెలియకపోతే ఆకు, పువ్వు, కాయ ఫొటోలు తీసుకుని అక్కడి గొర్రెల కాపరులను అడగండి, ఏ మొక్కను జీవాలు తింటాయో, ఏది ముట్టవో కూడా వాళ్లే చెప్తారు.

[స్క్రీన్ మీద: వెంపలి వేరు బుడిపెలు]

వెంపలి వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. రాళ్లు తేలిన నేలకు కావాల్సింది అదే, కాబట్టి కాయలు ఎండాక విత్తనం సేకరించండి. సర్కారు తుమ్మ కూడా ఇదే పని చేస్తుంది కానీ, వదిలేస్తే మిగతావాటికి చోటివ్వదు. వయ్యారిభామ ఇంకా టెన్షన్, ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, ఆ మట్టిని లారీలో ఎత్తి సైటంతా పరిస్తే దాన్ని మనమే విత్తినట్టు. అవి ఉన్న చోట్లు మ్యాపులో ఎర్రగా గుర్తు పెట్టి, కాంట్రాక్టరుకు పని మొదలయ్యే ముందే ఇవ్వండి. పైమట్టి తవ్వని అంచు నుంచి తీసుకోమనండి, అదీ అవసరమైనంతే. తీసిన మట్టిని ఏళ్ల తరబడి కుప్పగా ఉంచితే అందులోని విత్తనాలు చచ్చిపోతాయి, వెంటనే పరిచేయాలి.