తకధిమి నడక

అందరికీ నమస్కారం.

ఒక గుర్రం గురించి చెప్పడానికి వచ్చాను. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని గిట్టల చప్పుడు మాత్రమే ఊహించుకోండి. మామూలు గుర్రం నడక నుంచి కాస్త వేగం పెంచితే రెండు దెబ్బలు వినిపిస్తాయి: తక, తక. ఇంకా పెంచితే మూడు: తకిట, తకిట. ఐస్‌లాండ్ గుర్రానికి వీటితో పాటు మరొక నడక ఉంది. పేరు తోల్ట్. అది తకధిమి, తకధిమి. నాలుగు దెబ్బలు, వాటి మధ్య ఒకే ఎడం.

ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. మెల్లగా నడిచే ఏ గుర్రమైనా ఇదే వరసలో కాళ్లు వేస్తుంది. తోల్ట్ గొప్పతనం అంతా ఆ వరస చెదరకుండా గంటకు 30 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లగలగడంలోనే ఉంది. రెండు దెబ్బల పరుగులో గుర్రం ప్రతి అడుగుకీ ఒక క్షణం గాల్లోకి లేచి దిగుతుంది, రౌతు నడుము అదురుతుంది. తోల్ట్‌లో ఎప్పుడూ కనీసం ఒక కాలు నేల మీదే ఉంటుంది. భారం ఒక కాలి మీద, వెంటనే రెండు కాళ్ల మీద, మళ్లీ ఒక కాలి మీద... అలా జారిపోతుంది. ఒక చేత్తో నిండు బీరు గ్లాసు పట్టుకుని, చుక్క ఒలకకుండా స్వారీ చేసి చూపిస్తారు అక్కడి రౌతులు.

కొన్నిటికి స్కేయిద్ అనే ఐదో నడక కూడా వస్తుంది. ఒకే వైపు కాళ్లు రెండూ కలిసి కదిలే ఆ పరుగు చిన్న దూరాల పందేలకే.

ఇది పుట్టుకతో వచ్చే విద్య. డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే దీనికి మూలమని 2012లో స్వీడన్ పరిశోధకుల బృందం తేల్చింది. వెన్నుపాములో కాళ్ల కదలికలను కుదిర్చే నాడీకణాల్లో ఆ జన్యువు పనిచేస్తుంది.

కానీ జన్యువు ఉంటే చాలదు. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. సుమారు నాలుగేళ్ల వయసులో జీను కట్టిన గుర్రాన్ని తొందరపెడితే వీపు బిగుసుకుంటుంది, దెబ్బలు జతలుజతలుగా అతుక్కుపోతాయి. అప్పుడు చేయాల్సింది వేగం తగ్గించి మళ్లీ మామూలు నడకకు రావడం. ముందు కాళ్లు ఎత్తుగా లేవాలని గిట్టలకు బరువులు కట్టడం నాకు అసలు నచ్చదు. పోటీ నియమాలు గిట్టకు తొడిగే బూటు బరువును 250 గ్రాములకు కట్టడి చేయడం మంచి పని.

సుమారు 140 సెంటీమీటర్ల ఎత్తే ఉన్నా దీన్ని ‘పోనీ’ (పొట్టి జాతి గుర్రం) అని పిలిస్తే ఐస్‌లాండ్ వాళ్లు ఒప్పుకోరు. వెయ్యేళ్ల క్రితం ఓడల్లో వచ్చిన గుర్రాల సంతతి ఇది. బయటి రోగాలను తట్టుకునే శక్తి లేదు కాబట్టి ఆ ద్వీపంలోకి ఏ గుర్రాన్నీ రానివ్వరు. బయటికి వెళ్లిన సొంత గుర్రాన్ని కూడా.

ప్రపంచ పోటీలు రెండేళ్లకోసారి జరుగుతాయి, అదీ వేరే దేశంలో. అంటే తన ఉత్తమ గుర్రాన్ని తీసుకెళ్లే ఐస్‌లాండ్ రౌతుకు ఓడ ఎక్కకముందే, విమానం ఎక్కకముందే తెలుసు, అది ఇక ఇంటికి రాదని. గెలిచినా సరే, దాన్ని అక్కడే ఎవరికో అప్పగించి ఒంటరిగా తిరిగొస్తాడు. దాని మీద వేసిన తోలు జీను కూడా వెంట తెచ్చుకోవడానికి వీల్లేదు.