చెప్పులు బయట విడిచి రండి

అధ్యక్షులవారికి నమస్కారం. వేదిక మీది పేర్లన్నీ ఇందాకే చదివేశారు, మళ్లీ నేను మొదలెడితే మీ పందులకి మేత వేళ దాటిపోతుంది. ఏప్రిల్ చివరి శనివారం పశువైద్య దినోత్సవం కదా, రెండు మాటలు చెప్పమని పిలిచారు. నేను చెప్పేది ఒక తప్పు గురించి. అది నా తప్పే.

ముప్పై ఏళ్ల కిందట, నాగావళి ఒడ్డున ఒక పేట. నేను పశువుల కాంపౌండరుని. పొద్దున్నే ఒక దొడ్డిలో పందిపిల్లలకి పారుడు, అదే విరేచనాలు. పసుపుపచ్చని నీళ్లు, అందులో అరగని పాల విరుగుడు. కక్కుకుంటూ, వణుకుతూ తల్లి మీదకి ఎక్కుతున్నాయి. సూదులు పొడిచి, అవే బూట్లతో పేట ఆ చివర ఇంకో దొడ్డికి వెళ్లాను. అక్కడి ముసలమ్మ కంచె దగ్గరే ఆపింది. "బాబూ, ఆ బూట్లు ఇప్పి రా." నవ్వాను. "రోగం బూట్లలో నడిసొస్తాదేటి అప్పా?" అన్నాను.

మూడో రోజుకి నడిచొచ్చింది.

ఆవిడకి రెండు పందులు ఈని ఉన్నాయి. తొలిచూలు దాని పిల్లలు ఎనిమిదీ పోయాయి. ముసలి పందికి పది పిల్లలు, ఒక్కటే పోయింది. ఒకే పాక, ఒకే తొట్టి. "దానికి నిరుడు ఇదే వొచ్చింది బాబూ" అంది. నాకు తలకెక్కలేదు. ల్యాబుకి ఏమీ పంపలేదు కాబట్టి అది ఏ వైరసో ఈరోజుకీ చెప్పలేను.

కానీ ఆ లెక్క ఎందుకలా తేలిందో తర్వాత చదువుకున్నాను. టీజీఈ అని ఒక పేగు వైరస్, 1946లో అమెరికాలో వర్ణించారు. దానికి వరసైన పీఈడీ 1971లో ఇంగ్లండులో కనిపించింది. రెండూ కరోనా జాతివే, మనుషులకి అంటవు, భయపడకండి. పేడలోంచి నోట్లోకి, ఇదే అసలు దారి. పేగు లోపలి గోడ టర్కీ టవలులా ఉంటుంది. ఈ వైరస్ ఆ పోగుల్ని తినేస్తుంది, తాగిన పాలు నీళ్లయి పోతాయి. మూడు వారాల పిల్లకి రెండు నుంచి నాలుగు రోజుల్లో ఆ కణాలు మళ్లీ వస్తాయి. పుట్టిన పిల్లకి వారం దాటుతుంది. అంతవరకు ఒంట్లో నీరు ఆగొద్దూ! నేను పొడిచిన యాంటీబయాటిక్ వైరస్‌ని ఏం చేస్తుంది? ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు, వెచ్చని గడ్డి ఇచ్చి ఉండాల్సింది.

ఇప్పుడు ముసలి పంది సంగతి. మనుషుల్లో మాయ గుండా బిడ్డకి కొంత రక్షణ కడుపులోనే అందుతుంది. పందిలో ఆ దారి లేదు, పిల్ల ఒట్టి చేతులతో పుడుతుంది. తొలిరోజు ముర్రుపాలు రక్తంలోకి పోతాయి, ఆపైన పేగు తలుపు మూసుకుంటుంది. రోగమేమో రక్తంలో కాదు, పేగులో. కాబట్టి పూటపూటకీ పాలు పేగు గోడకి పూతలా పడుతూనే ఉండాలి. ఆ పూతలో కాపుదల చేసేది ఐజీఏ, అంటే రోగాన్ని అడ్డుకునే ఒక రకం యాంటీబాడీ. అదెక్కడిదంటే, తల్లి పేగులో వైరస్‌ని చూసిన కణాలు, మన సిక్కోలు కుర్రాళ్లు పనికి చెన్నై పోయినట్టు, పొదుగుకి వలసపోతాయి. 1970లలో అమెరికాలో లిండా సైఫ్ లాంటి శాస్త్రవేత్తలు ఇదంతా విప్పి చెప్పారు. ఎన్నడూ వైరస్ చూడని పందికి కండలో సూది వేస్తే పాలలోకి ఆ ఐజీఏ పెద్దగా రాదు. అది పేగు ద్వారానే రావాలి. ముసలి పందికి నిరుడు రోగం ఆ దారినే తగిలింది, తొలిచూలు దానికి తగల్లేదు.

అందుకే విదేశాల్లో చూడితో ఉన్న పందులకి జబ్బు పిల్లల పేడ తినిపిస్తారు. మీరు చెయ్యకండి! చేతులు జోడించి చెప్తున్నాను, డాక్టరు లేకుండా వద్దు. ఇంకో నాలుగు రోగాలు దాంతోపాటే ఎక్కుతాయి. 2020 నుంచి మన దేశంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే, పందుల ప్రాణం తీసే జ్వరం కూడా ఉంది.

2013లో పీఈడీ అమెరికాలో అడుగుపెట్టినప్పుడు స్నానం చేస్తేగానీ లోపలికి రానివ్వని ఫారాలు కూడా ఆగలేదు. మొదటి ఏడాదే దాదాపు 70 లక్షల పిల్లలు పోయాయని అంచనా. కబేళా నుంచి తిరిగొచ్చిన లారీల చక్రాల్లోనూ వచ్చింది. నా బూట్లే, కాస్త పెద్దవి. చలిలో, తడిలో ఈ వైరస్ చాలాకాలం బతుకుతుంది. ఎండకి, ఎండిన నేలకి ఓర్వదు. ఈ ఎండని తిట్టుకోకండి, దొడ్డి కడిగి బాగా ఎండనివ్వండి.

చీటీ ఇచ్చారు, టైమైందట. వెనకాల ఎవరో లేచారు. ఏమ్మా, మీ పిల్లలకీ పారుడేనా? సూది సంగతి తర్వాత. ముందు మీ పందికి ఇది ఎన్నో ఈతో చెప్పండి.