నచ్చిన పాటలో నచ్చిందేమిటి?

అందరికీ నమస్కారం.

కొత్త బ్యాండ్ ఎదురైతే చాలు, ఎవరైనా ముందు అడిగేది ఒకటే: "మీ మీద ఎవరి ప్రభావం ఉంది?" టకటకా నాలుగైదు పేర్లు వచ్చేస్తాయి. ఆ పేర్లు అబద్ధమని అనను. కానీ వాటివల్ల తెలిసేదేమీ ఉండదు. ఒకే డ్రమ్మర్‌ని ఏళ్ల తరబడి విన్న ఇద్దరిలో ఒకరికి అతని హైహ్యాట్ (పాదంతో మూసి తెరిచే జంట తాళాలు) ఒంటబడుతుంది, ఇంకొకరికి అతని జుట్టు. ఇద్దరూ చెప్పే పేరు మాత్రం ఒకటే.

అందుకని ప్రభావాన్ని పేరుతో కాక పనితో చెప్పడం అలవాటు చేసుకోవాలి. ఫలానా పాటలో, ఫలానా చోట, ఫలానా వాయిద్యం ఏం చేసింది? అక్కడిదాకా దిగితేనే అది మీ చేతికి వస్తుంది.

ఎలా దిగాలో చెప్తాను. ఐదుగురు ఉన్న బ్యాండ్ అనుకోండి. తలా మూడు పాటలు తెండి. గొప్ప పాటలు అక్కర్లేదు, కనీసం ఆరు నెలలుగా మళ్లీ మళ్లీ వింటున్నవి తెండి. ఒక్కో పాటకు ఒక్క వాక్యం రాయాలి, అందులో నిమిషం, సెకను ఉండి తీరాలి. "1:12 దగ్గర బేస్ ఆగిపోతుంది, రెండు బార్ల తర్వాత మళ్లీ వస్తుంది" అన్నట్టు. (బేస్ అంటే అడుగు స్వరాల గిటార్, బార్ అంటే తాళంలో ఒక ఆవృతం.) "మూడ్ బాగుంటుంది" అని రాస్తే ఒప్పుకోవద్దు. సెకను చెప్పలేకపోతే నచ్చింది పాట కాకపోవచ్చు, ఆ పాట విన్న రోజులు కావచ్చు. అదీ తప్పేం కాదు, కానీ దానితో రిహార్సల్ గదిలో చేసే పనేమీ లేదు.

పదిహేను వాక్యాలూ ఒక కాగితం మీద పెడితే చిత్రమైన సంగతి బయటపడుతుంది. అభిరుచులు ఏమాత్రం కలవవనుకున్న ఇద్దరు, ఒకరు మెటల్, ఇంకొకరు సోల్, ఒకే పని గురించి రాసి ఉంటారు. "అందరూ ఆగాక గొంతు ఒక్కటే మిగలడం" లాంటిది. బ్యాండ్ అభిరుచి అంటే అదీ, టీషర్టు మీది బొమ్మ కాదు. ఐదుగురికీ ఒకే పాటలు నచ్చడం అవసరం లేదు. నిజానికి అలా నచ్చితే అనుమానించాలి.

ఇక వినడం. ముందు లయ, ఎందుకంటే ఎక్కువ బ్యాండ్లు తప్పేది అక్కడే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1955లో అమెరికన్ గాయకుడు, గిటారిస్టు బో డిడ్లీ తన పేరుతోనే విడుదల చేసిన పాట ఉంది. దాని దరువు ఆ తర్వాత రాక్ సంగీతంలో ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు. క్యూబా సంగీతంలో క్లావే అనే నడకకు ఇది దగ్గరి చుట్టం. పదహారు చిన్న అంగల ఆవృతంలో 1, 4, 7, 11, 13 అంగల మీద ఐదు దెబ్బలు. అంకెలు గుర్తుండకపోతే నోటితో అనండి: తకిట తకిట తకధిమి తక తకధిమి. ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టండి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. పది నిమిషాల్లో ఒంట్లోకి దిగుతుంది.

ఇప్పుడు కొత్త బ్యాండ్లు చేసే పొరపాటు. ఐదు దెబ్బలు నచ్చాయి కదా అని గిటార్, బేస్, కిక్ (పాదంతో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (పుల్లతో కొట్టే గరగర డ్రమ్) అన్నీ కలిసి ఆ ఐదే కొడతాయి. రెండు నిమిషాలు గడిచేసరికి కంచెకు మేకులు దిగ్గొట్టినట్టుంటుంది. అసలు రికార్డులో ఏం జరుగుతోందో వినండి. బో డిడ్లీ బ్యాండ్‌లోని జెరోమ్ గ్రీన్ ఊపే మరకాస్ (గింజలు నింపిన గిలకలు) ఆగకుండా గలగలలాడుతూనే ఉంటాయి. పాట దాదాపుగా ఒకే కార్డు (కలిపి మోగించే స్వరాల గుత్తి) మీద నిలబడుతుంది. సమంగా నడిచేది ఒకటి ఉంది కాబట్టే వంకరగా పడే ఐదు దెబ్బలు రుచిస్తాయి. కాబట్టి ఆ ఐదింటినీ ఒక్క గిటార్‌కే ఇవ్వండి. హైహ్యాటో, షేకరో అంగలన్నీ నింపాలి. కిక్ ఒకటి, మూడు బీట్ల మీద. బేస్‌కి మొదటి వారం ఒకే స్వరం చాలు.

టెంపో నిమిషానికి 100 బీట్ల దగ్గర పెట్టుకుంటే ఒక బీటు 600 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు అంగ 150 మిల్లీసెకన్లు. స్నేర్ దెబ్బ, తాళం చూపే మెట్రోనోమ్ క్లిక్ కంటే పది, ఇరవై మిల్లీసెకన్లు వెనక పడితే పాట కాస్త వెనక్కి వాలి కూర్చున్నట్టు హాయిగా ఉంటుంది. యాభై దాటితే తప్పు కొట్టినట్టే వినిపిస్తుంది. ఈ తేడా చెవితో మొదట్లో పట్టుబడదు. ఫోన్‌లో రికార్డ్ చేసి, కంప్యూటర్‌లో తరంగం బొమ్మ పెద్దది చేసి బీటు గీతకు స్నేర్ ఎంత దూరంలో ఉందో కొలవండి. మీకు నచ్చిన రికార్డునూ అలాగే కొలవండి. ఒక హెచ్చరిక: పాత రికార్డులు చాలావరకు క్లిక్ లేకుండా వాయించినవి, పల్లవి దగ్గర టెంపో రెండు మూడు అంకెలు పెరగడం మామూలే. దాన్ని లోపమనుకుని సరిదిద్దితే ప్రాణం పోతుంది.

జమైకా సంగీతమైన రెగ్గేలో వన్ డ్రాప్ అనే నడకది దీనికి భిన్నమైన కష్టం. కిక్, స్నేర్ రెండూ మూడో బీటు మీద కలిసి పడతాయి, మొదటి బీటు ఖాళీ. రాక్ అలవాటైన డ్రమ్మర్ పాదం తనకు తెలియకుండానే మొదటి బీటు మీద పడిపోతుంది, అంతటితో కట్టడం కూలుతుంది. మందు సులభం: ఒక వారం పాటు మొదటి బీటు వచ్చినప్పుడల్లా పాదాన్ని పెడల్ మీంచి పైకెత్తడమే సాధన. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండ్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ సర్వం మొదటి బీటు మీదే వాలుతుంది. రెండూ నచ్చవచ్చు, రెండూ మీ బ్యాండ్‌లో ఉండవచ్చు. కానీ ఒకే చరణంలో డ్రమ్మర్ ఒకటీ, బేస్ ఇంకొకటీ నమ్ముకుంటే మాత్రం వినేవాడి కాలు ఎటు ఆడాలో తెలియక ఆగిపోతుంది.

ఇక గిటార్ శబ్దం. ఇక్కడ నేను పట్టుబట్టేది కారణం. ఒక శబ్దం అలా ఎందుకుందో తెలియకుండా దాన్ని ఎత్తుకొస్తే సగమే వస్తుంది. బ్లాక్ సబ్బాత్ అనే మెటల్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతే చూడండి. 1965లో, పదిహేడేళ్లప్పుడు, రేకుల ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 ఆల్బమ్‌కి వచ్చేసరికి గిటార్ శృతిని మూడు అరస్వరాలు కిందికి దించాడు. తీగ వదులైతే నొక్కడం తేలిక. మనం "బరువైన శబ్దం" అని మురిసిపోయేదాని వెనక నొప్పి ఉంది.

మరి కుర్రాళ్లు ఏం చేస్తారు? మామూలు 009 తీగల సెట్టుతోనే (అంకె అన్నిటికంటే సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) శృతి దించేస్తారు. తీగ జీళ్లపాకంలా సాగుతుంది. గట్టిగా మీటగానే స్వరం కాస్త పైకెగిరి తర్వాత కిందికి దిగుతుంది, కార్డంతా అపస్వరంలా ఉంటుంది. ఆ వదులుతనమే కావాలంటే చెయ్యి తేలిక చేసుకోవాలి. బిగువు కావాలంటే 011 లేదా 012 సెట్టు వెయ్యాలి. లావు తీగ వేశాక నెక్ వంపు మారుతుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి కడ్డీ) సర్దాలి, బ్రిడ్జి దగ్గర ఇంటొనేషన్ (మెట్టు మెట్టుకూ శృతి సరిపోవడం) మళ్లీ చూసుకోవాలి, నట్ (నెక్ కొసన తీగలు కూర్చునే ముక్క) గాడిలో తీగ ఇరుక్కుంటే గాడిని కొంచెం వెడల్పు చేయించాలి. ఇవేవీ చేయకుండా "ఈ గిటార్ శృతి నిలవదు" అని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. ఇంకో చిక్కు: గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్ నుంచి 69కి దిగితే, దానితోపాటు బేస్ 41 నుంచి 35కి దిగుతుంది. చిన్న స్పీకర్లలో ఆ 35 దాదాపు వినిపించదు. వినేవాడికి చేరేది దానితోపాటు పుట్టే పై స్వరాలే. కాబట్టి బేస్‌లో అట్టడుగు మోత పెంచడం మాని, 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి.

నెమ్మది, హోరు, మళ్లీ నెమ్మది అనే కట్టడం కూడా బాగా అరువు వెళ్లిన సరుకే. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణాకు 1991లో పేరు తెచ్చిన పాట రాసేటప్పుడు తాను పిక్సీస్ అనే బ్యాండ్‌ని అనుకరించబోయానని నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఈ కట్టడం మీ చేతిలో పేలకపోతే, హోరులో లోపం వెతకొద్దు, నెమ్మదిలో వెతకండి. చరణంలోనే గిటార్ ఆరు తీగలూ మోగుతుంటే పల్లవికి మిగిలేదేముంది? చరణంలో గిటార్‌కి రెండు స్వరాలు చాలు, బేస్, డ్రమ్స్ నడిపిస్తాయి. రెండోది, గిటార్‌ని గరుకుగా మోగించే డిస్టార్షన్ పెడల్ నొక్కితే శబ్దం పెరుగుతుందన్న భ్రమ. డిస్టార్షన్ శబ్దాన్ని నొక్కిపెట్టి చదును చేస్తుంది. గెయిన్ (ఆ గరుకు ఎంతో తేల్చే మీట) ఎక్కువైతే వేదిక మీద గిటార్ వెనక్కి పోయినట్టే ఉంటుంది. గెయిన్ మూడో వంతు తగ్గించి, లెవెల్ (బయటికొచ్చే మోత) కాస్త పెంచండి. ఫోన్‌లో డెసిబెల్ చూపే యాప్‌తో గదిలో కొలవండి: చరణానికీ పల్లవికీ మధ్య పది డెసిబెల్ తేడా ఉంటే చెవికి సుమారు రెట్టింపు అనిపిస్తుంది. రెండు డెసిబెల్ తేడాను ఎవరూ పట్టించుకోరు.

కొన్ని ప్రభావాలు చేతివి కావు, స్టూడియోవి. ఈ తేడా తెలియక వృథా అయ్యే సాధన చాలా ఉంటుంది. 1980లో గాయకుడు పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్‌లో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ ఫిరంగిలా పేలి చటుక్కున తెగిపోతాయి. ఇంజనీర్ హ్యూ పాడ్గమ్ గది మైకుని బాగా కంప్రెస్ చేసి (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించి) గేట్‌తో (మోత తగ్గగానే శబ్దాన్ని మూసేసే పరికరంతో) కత్తిరించిన శబ్దమది. ఎంత బలంగా కొట్టినా చేతితో రాదు. కానీ ఆ ఆల్బమ్‌లో అసలు సింబల్సే (డ్రమ్స్‌లోని కంచు పళ్లేలే) లేవు, ఇది మాత్రం మీరు రేపే చేయగలరు. సింబల్ ఝుంకారం లేకపోతే స్నేర్ తోకకి చోటు దొరుకుతుంది. అలాగే ఎడమ ఒకటి, కుడి ఒకటిగా గిటార్ రెండుసార్లు వాయించి కలిపిన రికార్డు విని, ఒక్క గిటార్ ఉన్న బ్యాండ్ "మాదెందుకు పల్చగా ఉంది" అని కుములుతుంది. రికార్డులో ఎంతమంది వాయిస్తున్నారో లెక్కపెట్టాకే దానితో పోల్చుకోండి.

గొంతు విషయంలో తెలుగులో పాడేవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ సరిగా మాట్లాడరు. ఇంగ్లీషు మాటలు ఎక్కువగా హల్లుతో తెగుతాయి. ఆ బాణీలు కూడా అలా తెగడానికే అలవాటుపడ్డాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే గుక్క తెంపాల్సిన చోట "ఆ", "ఉ" అని తోక సాగిపోయి, డ్రమ్మర్ ఉంచిన ఖాళీని కప్పేస్తుంది. చివరి అచ్చుని బీటు కంటే ముందే ముగించడం సాధన చేయాలి, లేదా సున్నాతో ముగిసే మాట ఎంచుకోవాలి. అంతకంటే పెద్దది హ్రస్వ దీర్ఘాల గొడవ. ముందు అర్థంలేని కూతలతో బాణీ కట్టి తర్వాత మాటలు పొదిగితే, హ్రస్వం మీద పొడవాటి స్వరం వచ్చి కూర్చుంటుంది. "మనం" అని రాసుకుంటారు, జనానికి "మానం" అని వినిపిస్తుంది. రాసిన చరణాన్ని బాణీ లేకుండా, ఆ స్వరాల నిడివితో మాత్రమే పైకి చదవండి. నవ్వొచ్చిన చోటల్లా మార్చండి.

కవర్ల సంగతి, అంటే ఇతరుల పాటలు వాయించడం, క్లుప్తంగా. కవర్లు వాయించడం చిన్నతనమేమీ కాదు. బీటిల్స్ 1963 మొదటి ఆల్బమ్‌లోని 14 పాటల్లో ఆరు కవర్లే. నలభై పాటల రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరసలు) ముక్కలుగా రావడం కంటే పది పాటలు మొదటి నుంచి చివరిదాకా రావడం మేలు, ఎందుకంటే చరణం నుంచి పల్లవికి ఎలా వెళ్లారన్నదే అసలు విద్య. ఒక్కో పాటను మూడు రకాలుగా వాయించండి: ఉన్నదున్నట్టు, సగం టెంపోలో, పాటకు ముఖ్యమనుకున్న వాయిద్యాన్ని తీసేసి. మూడో దాంట్లో పాట నిలబడితే మీరు అనుకున్న ముఖ్యం తప్పని తెలుస్తుంది.

అరువుకీ దొంగతనానికీ మధ్య గీత ఎక్కడ? నడక, శబ్దం, కట్టడం తీసుకోవచ్చని బ్యాండ్లు అనుకుంటాయి, చాలావరకు నిజమే. కానీ 2015లో అమెరికాలో ఒక జ్యూరీ "బ్లర్డ్ లైన్స్" పాట మార్విన్ గే పాటను కాపీ కొట్టిందని తీర్పిచ్చాక, 2018లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పును చాలావరకు నిలబెట్టాక, అందరూ కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకున్నారు. బాణీ విషయంలో అయితే తెలియక చేశానన్నా చెల్లదు. బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్ తెలియకుండానే పాత బాణీని వాడుకున్నాడని 1976లో కోర్టు తేల్చింది, అయినా బాధ్యత తప్పలేదు. మీ పాట పూర్తయ్యాక వాయిద్యాలు లేకుండా, మాటలు లేకుండా, బాణీని కూనిరాగంగా బ్యాండ్ బయటి ముగ్గురికి వినిపించండి. ఇద్దరు ఒకే పాట పేరు చెబితే మొదటి వరస స్వరాలు మార్చి తీరాలి. టెంపో మార్చి సరిపెట్టుకుంటే కుదరదు.

చివరగా, కచేరీకి ముందు ఇచ్చే బ్యాండ్ పరిచయ పత్రం, అంటే మొదట చెప్పిన పేర్ల జాబితా రాసే చోటు. పేర్లు రాయొద్దనను, రెండు చాలు. కానీ వాటికింద ఇలాంటి వాక్యం ఒకటి పెట్టండి: "రెండు గిటార్లు, ఒకటి ఎప్పుడూ క్లీన్. పల్లవిలో తప్ప సింబల్స్ ఉండవు. మూడో పాటలో మొదటి బీటు ఖాళీ. గొంతుకు డిలే (ప్రతిధ్వని) వద్దు." సౌండ్‌చెక్‌కి పావుగంట మాత్రమే దొరికిన ఇంజనీర్ దాన్ని చదివితే ఏ మైకు ఎక్కడ పెట్టాలో, ఏ ఫేడర్ మీద వేలు ఉంచాలో అప్పటికప్పుడే తెలుస్తుంది.