మచ్చ కనిపించక ముందే మొదలుపెట్టవలసిన పని: టమాటా, మిరపలలో బాక్టీరియా మచ్చ తెగులు

సభకు నమస్కారం.

టమాటా, మిరప పంటలను పట్టి పీడించే బాక్టీరియా మచ్చ తెగులు గురించి నేను ఈరోజు ముఖ్యంగా చెప్పదలచింది ఒక్కటే. ఆకు మీద మచ్చ చూసిన తర్వాత మొదలుపెట్టే సస్యరక్షణ చాలావరకు ఆలస్యమైన సస్యరక్షణే. బాక్టీరియా ఆకులోకి చేరడానికీ మచ్చ మన కంటపడడానికీ మధ్య దాదాపు వారం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ రోజులు గడుస్తాయి. ఆ వ్యవధిలో ఒక్క వాన పడినా తెగులు పక్క మొక్కలకు పాకిపోయి ఉంటుంది.

అయితే మచ్చలన్నీ ఒక్కటి కావు. శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమాడు తెగులు మచ్చలో ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు ఉంటాయి. సెప్టోరియా అనే మరో శిలీంధ్రపు మచ్చకు నడుమ బూడిద రంగు, అందులో సన్నటి నల్లచుక్కలు ఉంటాయి. బాక్టీరియా మచ్చలో ఈ రెండూ కనిపించవు. అది మొదట ఆకు నీటిలో నానినట్టుగా కనబడి, తర్వాత ముదురు గోధుమ రంగుకో నలుపుకో తిరుగుతుంది, చుట్టూ తరచుగా పసుపు అంచు కడుతుంది. టమాటా కాయ మీద ఉబ్బెత్తుగా, గరుకుగా పొక్కులు లేస్తాయి. మిరపలో ఆకులు రాలిపోయి, నీడ కరువైన కాయలు ఎండకు మాడిపోతాయి. అనుమానం తీరకపోతే మచ్చ అంచున చిన్న ముక్క కోసి, నీటిచుక్కలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూడాలి. కోసిన చోటి నుంచి బాక్టీరియా పొగలా బయటికి రావడం కనిపిస్తుంది. ఇంత శ్రమ ఎందుకంటే, శిలీంధ్రాల కోసం తయారైన మందుల్లో చాలావాటికి బాక్టీరియా మీద ఏ ప్రభావమూ ఉండదు. తెగులును తప్పుగా గుర్తిస్తే డబ్బుతో పాటు విలువైన రోజులు కూడా పోతాయి.

ఈ తెగులుకు కారణం జాంథోమోనాస్ ప్రజాతికి చెందిన బాక్టీరియా. శిలీంధ్రాలలో చాలావాటిలా ఇది ఆకు పొరను తొలుచుకుని లోపలికి పోలేదు. పత్రరంధ్రాలు, ఆకు అంచున నీరు చెమర్చే రంధ్రాలు, గాలికి ఆకులు ఒరుసుకున్నప్పుడు పడే గీతలు, ఇవే దానికి దారులు. ఆ దారుల దాకా దాన్ని చేర్చేది నీరు. అందువల్ల 24 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి, గాలివాన, గంటల తరబడి ఆరని ఆకులు కలిసివచ్చినప్పుడు తెగులు విజృంభిస్తుంది. పై నుంచి చిమ్మే తుంపర సేద్యం అలాంటి వానను మనమే కురిపించినట్టు అవుతుంది. బిందు సేద్యంలో ఆకు తడవదు. ఆకుల మీద తడి ఉండగా కలుపు తీయడం, కాయ కోయడం, కట్టె కట్టడం వంటి పనులు పెట్టుకోకూడదు, ఎందుకంటే అప్పుడు మన చేతులే తెగులును ఒక సాలు నుంచి మరో సాలుకు మోసుకుపోతాయి.

ఇంతకన్నా ముఖ్యమైనది విత్తనం. ఈ బాక్టీరియా విత్తనం పైనా లోపలా నిలిచి, ఎంత దూరమైనా ప్రయాణం చేయగలదు. పరీక్షించిన, తెగులు సోకని విత్తనం ఎంచుకోవడమే మొదటి రక్షణ. సొంత విత్తనమైతే వేడినీటి శుద్ధి మంచి పద్ధతి: టమాటా విత్తనాన్ని 50 డిగ్రీల నీటిలో 25 నిమిషాలు, మిరప విత్తనాన్ని దాదాపు 51.5 డిగ్రీల నీటిలో 30 నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీటిలో ముంచి, ఆరబెట్టాలి. వేడి కాస్త తగ్గితే బాక్టీరియా మిగులుతుంది, కాస్త పెరిగితే మొలక చస్తుంది. ఉష్ణమాపకం లేకుండా, అంచనా మీద ఈ పని చేయవద్దు. ముందుగా కొన్ని విత్తనాలను శుద్ధి చేసి, మొలకశాతం చూసుకున్నాకే మిగతావి నీటిలో వేయండి. తర్వాత నారుమడి. వేల మొక్కలు ఒకదానికొకటి ఆనుకుని, రోజూ పై నుంచి తడుస్తూ ఉండే ఆ చోట ఒక్క రోగి మొలక చాలు. మచ్చ కనబడిన మొక్కను మాత్రమే తీసివేస్తే సరిపోదు, చుట్టూ ఉన్న ఆరోగ్యమైన మొక్కలను కూడా వదులుకోవలసి ఉంటుంది. మనసుకు కష్టంగా ఉన్నా, పొలంలో జరిగే నష్టంతో పోలిస్తే అది చిన్నదే.

ఇక మందుల సంగతి. రాగి మందులు ఆకు ఉపరితలం మీద ఉన్న బాక్టీరియాను చంపుతాయి, ఆకు లోపలికి చేరినదాన్ని తాకలేవు. రాగితో మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపితే ఫలితం మెరుగుపడుతుందని చాలాకాలంగా తెలుసు. కానీ రాగిని తట్టుకునే బాక్టీరియా రకాల వల్ల మిరపలో మందు విఫలమవుతోందని 1983 నాటికే ఫ్లోరిడాలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ తట్టుకునే జన్యువులు తరచుగా ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఉండి, ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి బదిలీ అవుతాయి. అంతకుముందు 1950లలో స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మీద పెట్టుకున్న ఆశ కూడా ఇలాగే ముగిసింది. 1960ల తొలినాళ్లకే దానికి లొంగని బాక్టీరియా పొలాల్లో కనిపించింది. మనుషుల ప్రాణాలు నిలిపే యాంటీబయాటిక్‌లను పంటల మీద చల్లడం తప్పని నేను భావిస్తాను. రాగిని కూడా వారం వారం అలవాటుగా కొట్టకూడదు. అది మట్టిలో పేరుకుపోతుంది, విరిగి మాయమయ్యే పదార్థం కాదు.

వేరే దారులూ ఉన్నాయి. బాక్టీరియాను మాత్రమే చంపే ఫేజ్ వైరస్‌లతో తయారైన మందుకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. ఎండలోని అతినీల కిరణాలకు ఫేజ్‌లు త్వరగా నశిస్తాయి కనుక వాటిని సాయంత్రం చల్లాలి. మిరపలోని నిరోధక జన్యువుల కథ ఇంకా ఆసక్తికరం. 1999లో వేరుచేసిన బీఎస్2 జన్యువు, బాక్టీరియా మొక్కలోకి పంపే ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి తెగులును అక్కడికక్కడే ఆపుతుంది. బాక్టీరియా ఆ ప్రోటీన్‌ను మార్చుకోగానే గుర్తింపు దెబ్బతిని, రక్షణ పోతుంది. బీఎస్5 అనే అంతర్గత జన్యువు (తల్లి, తండ్రి మొక్కలు రెండింటి నుంచీ వస్తేనే ప్రభావం చూపేది) అలాంటి గుర్తింపు మీద ఆధారపడకుండా మొక్కనే తెగులుకు అనువుకానిదిగా చేస్తుంది. అందుకే అది ఎక్కువ కాలం నిలుస్తుందని ప్రజనన శాస్త్రవేత్తల ఆశ.

పంట ముగిశాక చేయవలసిన పని చాలామంది వదిలేస్తారు. ఈ బాక్టీరియా ఉత్త మట్టిలో ఎక్కువకాలం బతకదు, కానీ కుళ్ళని ఆకుల్లోనూ కాండాల్లోనూ తలదాచుకుంటుంది. కోత అయిన వెంటనే మోళ్లను దున్ని, అవి పూర్తిగా కుళ్ళేదాకా ఆ పొలంలో టమాటా గానీ మిరప గానీ వేయకుండా వేరే కుటుంబపు పంటకు మారాలి. వాటంతట అవే మొలిచిన టమాటా, మిరప మొక్కలను, గట్ల మీది కామంచి వంటి అదే కుటుంబపు కలుపును కొత్త నారు నాటక ముందే వేళ్లతో సహా పీకివేయాలి.