మన పార్కు, దాని నీడ

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్న వాకింగ్ ఆపి మరీ కూర్చున్నారు, ఎక్కువసేపు విసిగించను.

విజయనగరంలో ఏ చరిత్ర మొదలుపెట్టినా 1713 నాటి కోట దగ్గర మొదలుపెట్టడం మనకు అలవాటు. మన పార్కుకు అంత సీను లేదు. ఇది లేఅవుట్ ప్లానులో ఒక ఖాళీ గడి, అంతే. లేఅవుట్ వేసినవాళ్లు పది శాతం జాగా అందరి కోసం వదలాలి. దాన్నే మనం కామన్ సైట్ అంటాం. కాగితం మీద పార్కే గానీ, చాలా ఏళ్లు ఇక్కడ తుప్పలు, ఇటుక ముక్కలు, మధ్యాహ్నమైతే గేదెలు. ఓసారి ఎవరో పశువుల పాక కూడా వేశారు. దాన్ని తీయించడానికి ప్లాను కాపీ పట్టుకుని తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఇక్కడి సౌకర్యాలు చెప్పమంటే ముందు ప్రహరీ గోడ చెబుతాను. ఊయల, జారుడుబల్ల, ఓపెన్ జిమ్ ఆ తర్వాతే.

జిమ్ అంటే గుర్తొచ్చింది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామశాల నడిపిన ఊరండీ ఇది. మనమేమో సైకిల్ మిషనెక్కి ఫోన్ చూసుకుంటున్నాం. నేనూ అంతే లెండి.

జారుడుబల్ల రేకుది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడింటికి చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. మొన్న ఒక గుంటడు పాత ఫ్లెక్సీ ముక్క పరుచుకుని జారుతున్నాడు. ఫ్లెక్సీ మీద ఎవరో నాయకుడు, మొహం సగం అరిగిపోయింది.

ఇదివరకు ఆ బల్లకు పడమట పెద్ద నిద్రగన్నేరు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి వేళ్లతో సహా లేచిపోయింది. మర్నాడు పిల్లలు దాని మానెక్కి ఆడుకున్నారు, పెద్దవాళ్లు కొమ్మలు కొట్టి వంటచెరకు పట్టుకెళ్లారు. తర్వాత గోడ పొడుగునా కోనోకార్పస్ పెట్టాం. తొందరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. కానీ దాని కింద నలుగురు కూర్చునే నీడ రాదు. పైగా పుప్పొడితో ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బందని గుజరాత్‌లో 2023లో నాటడమే ఆపించారు. మనం మెచ్చుకుని పెట్టుకున్న మొక్క ఇది!

మా పెరట్లో నాలుగు కానుగ మొక్కలు కవర్లలో ఎదిగి ఉన్నాయి. నిద్రగన్నేరు లేచిన గొయ్యి ఇంకా పూర్తిగా పూడలేదు, వానొస్తే నీళ్లు నిలుస్తున్నాయి. మొదటిది అక్కడే పెడదాం. గునపం ఎవరింట్లో ఉందో చెప్పండి.