మార్లో జీవితం: ఎవరు రాసిన కాగితాలు?

అందరికీ నమస్కారం.

షేక్‌స్పియర్ కాలపు నాటక రచయిత క్రిస్టఫర్ మార్లో అనగానే ఇంగ్లిష్ ఎం.ఏ. చదివినవాళ్లందరికీ సైతానుకు ఆత్మను అమ్ముకున్న పండితుడు డాక్టర్ ఫాస్టస్ గుర్తొస్తాడు. ఇవాళ నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ నాటకం గురించి కాదు, దాన్ని రాసిన మనిషి మీద గత వందేళ్లలో వచ్చిన జీవిత చరిత్రల గురించి. వాటిని చదివేవాళ్లు ఒక్క ప్రశ్న ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలని నా మనవి. ఈ కాగితం ఎవరు రాశారు, ఏ అవసరం కొద్దీ రాశారు? మార్లో విషయంలో ఆ ప్రశ్న వేయకుండా ఒక్క పేజీ కూడా ముందుకు వెళ్లకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎందుకో చెబుతాను. మార్లో 1564లో కాంటర్‌బరీలో పుట్టాడు. ఫిబ్రవరి 26న బాప్టిజం ఇచ్చారు. షేక్‌స్పియర్‌కు సరిగ్గా రెండు నెలల తర్వాత, ఏప్రిల్ 26న ఇచ్చారు. 1593 మే 30న చనిపోయేనాటికి మార్లో వయసు 29. అప్పటికి లండన్ నాటకరంగాన్ని ఊపేశాడు. అయినా తన పేరుతో ఒక్క నాటకం కూడా అచ్చులో చూసుకోలేదు. అతని నాటకం టాంబర్లేన్ 1590లో పుస్తకంగా వచ్చింది కానీ ముఖపత్రం మీద రచయిత పేరు లేదు. డైరీ దొరకలేదు. ఇంటికి రాసిన ఉత్తరం ఒక్కటీ దొరకలేదు. మనకు దొరికినవన్నీ ఇతరులు తమ పని మీద రాసుకున్నవి: కాలేజీ ఖాతాలు, కోర్టు రికార్డులు, అరెస్టు వారంటు, వేగుల ఫిర్యాదులు, శవపంచనామా. మన శ్రీనాథుడి చివరి రోజుల గురించి చెప్పాల్సివస్తే మనం చాటుపద్యాలు ఎత్తుకుంటాం. వాటిలో చరిత్ర ఎంతో కల్పన ఎంతో తేల్చడం కష్టమే, కానీ వాటిని కాపాడినవాళ్లకు ఆ కవి మీద ప్రేమ ఉంది. మార్లో గురించి కాగితాలు రాసినవాళ్లలో చాలామందికి అతని మీద ప్రేమ లేదు. కొందరికైతే పగ ఉంది.

ముందు పగ లేని కాగితం ఒకటి చూద్దాం. 1585లో కాంటర్‌బరీలో కేథరిన్ బెంచ్‌కిన్ అనే ఆవిడ వీలునామా రాయించుకుంది. సాక్షి సంతకాలు పెట్టినవాళ్లు నలుగురూ ఒకే కుటుంబంవాళ్లు. చెప్పులు కుట్టే జాన్ మార్లో, అతని బావమరిది థామస్ ఆర్థర్, అల్లుడు జాన్ మూర్, కేంబ్రిడ్జ్‌లో చదువుతూ ఇంటికొచ్చిన కొడుకు క్రిస్టఫర్. ఆ వీలునామాను పైకి చదివి వినిపించింది క్రిస్టఫరేనని, స్పష్టంగా చదివాడని తర్వాత సాక్ష్యం ఇచ్చారు. ఇంట్లో చదువుకున్న కుర్రాడు కదా, చదవమన్నారు. ఆ కాగితం మీద ఉన్న ‘క్రిస్టఫర్ మార్లే’ అన్న సంతకమే ఇవాళ ప్రపంచంలో మిగిలిన మార్లో సంతకం. ఇంటిపేరు స్పెల్లింగు మనం రాసేది కాదు. ఆ రోజుల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవాళ్లు, మార్లో, మార్లే, మార్లిన్, మోర్లే అంతా ఒకరే కావచ్చు. జీవిత చరిత్రకారుల తంటాల్లో సగం ఇక్కడే ఉంది.

ఈ వీలునామాకు పూర్తి విలువ కట్టిన పరిశోధకుడు విలియం అర్రీ. కాంటర్‌బరీలో కెథీడ్రల్ రికార్డులు, నగర రికార్డులు చూసుకునే ఉద్యోగి. ఆయన పోయాక 1988లో ఆండ్రూ బుచర్ ఆ పుస్తకాన్ని పూర్తిచేసి అచ్చుకు ఇచ్చాడు. అందులో గూఢచారులు, కుట్రలు పెద్దగా ఉండవు. చెప్పుల దుకాణం, అప్పులు, ఇరుగుపొరుగు తగాదాలు, చర్చి కోర్టుకెక్కిన తిట్లు ఉంటాయి. జాన్ మార్లో తన వృత్తి సంఘానికి కోశాధికారిగా ఉండి లెక్క అప్పజెప్పలేక చిక్కుల్లో పడతాడు. క్రిస్టఫర్ చెల్లెలు నోటిదురుసు మనిషి అని ఫిర్యాదులొస్తాయి. మార్లో మీద వచ్చిన పుస్తకాలన్నిటిలో నాకు ఇదంటేనే ఎక్కువ గౌరవం. రచయిత ఎక్కడ పుట్టాడో ఒక వాక్యంలో చెప్పేసి లండన్‌కు పరుగెత్తే చరిత్రలు చాలా ఉన్నాయి. అర్రీ ఆ వీధిలోనే ఉండిపోయాడు. చెప్పులు కుట్టే ఇంటి నుంచి స్కాలర్‌షిప్పుల మీద కింగ్స్ స్కూలుకు, అక్కడి నుంచి కేంబ్రిడ్జ్ కార్పస్ క్రిస్టీ కాలేజీకి వెళ్లిన కుర్రాడికి ప్రతి మెట్టు మీదా ఎదురైన ఎత్తుపల్లాలు ఆ వీధి తెలిస్తేనే అర్థమవుతాయి.

ఇక కేంబ్రిడ్జ్ సంగతి. అక్కడ వారానికి ఒక షిల్లింగు స్కాలర్‌షిప్, అదీ కాలేజీలో ఉన్న వారాలకే. కాబట్టి షిల్లింగులు లెక్కపెడితే ఎప్పుడు ఉన్నాడో ఎప్పుడు లేడో తెలుస్తుంది. చివరి ఏళ్లలో చాలాకాలం కనిపించడు. 1587లో ఎం.ఏ. పట్టా ఇవ్వడానికి ఇబ్బంది వచ్చినట్టుంది. ఆ జూన్ 29న ఎలిజబెత్ రాణి మంత్రిమండలి అయిన ప్రివీ కౌన్సిల్ రిజిస్టరులో ఒక నమోదు ఉంది. ఇతను ఫ్రాన్సులోని రైమ్స్‌కు వెళ్లి అక్కడే ఉండిపోతాడన్న పుకారు నిజం కాదని, రాణికి మంచి సేవ చేశాడని, పట్టా ఇవ్వాలని దాని సారాంశం. రైమ్స్‌లో ఇంగ్లిష్ క్యాథలిక్కుల మతపాఠశాల ఉండేది, ప్రభుత్వానికి అది శత్రుశిబిరం. మార్లో గూఢచారి అన్న మాట పుట్టింది ఈ నమోదు నుంచే. కానీ ఏం సేవ చేశాడో అందులో లేదు. ఉత్తరాలు మోశాడా, మనుషుల మీద నిఘా వేశాడా, కేవలం ఎవరి వెంటైనా వెళ్లొచ్చాడా? ఆ ఖాళీని నింపడానికి తర్వాతి రచయితలు వందల పేజీలు ఖర్చు పెట్టారు.

తర్వాత రిచర్డ్ బేన్స్. మార్లో నాస్తికుడన్న పేరు స్థిరపడడానికి ముఖ్య కారణం ఇతను. మోసెస్ గారడీవాడని, మతం పుట్టిందే జనాన్ని భయపెట్టి అదుపులో ఉంచడానికని మార్లో అంటుండేవాడని 1593లో ఒక జాబితా రాసిచ్చాడు. ఆ జాబితాను చాలామంది మార్లో మాటలుగానే ఎత్తిరాస్తారు. కానీ బేన్స్ ఎవరు? 1580ల తొలి ఏళ్లలో అదే రైమ్స్ పాఠశాలలో విద్యార్థిలా చేరి వేగుగా పనిచేసి, బావిలో విషం కలపాలని చూసి పట్టుబడి, జైల్లో ఉండి, ఒప్పుకోలు రాసిచ్చినవాడు. రాయ్ కెండల్ అతని జీవితం మీదే ఒక పుస్తకం రాశాడు. ఇంకొకటి వినండి. నెదర్లాండ్స్‌లో ఇంగ్లిష్ సైన్యం చేతిలో ఉన్న ఫ్లషింగ్ రేవులో 1592 జనవరిలో మార్లో, బేన్స్ ఒకే గదిలో ఉంటున్నారు. దొంగనాణేలు చేస్తున్నాడని మార్లో మీద బేన్స్ ఫిర్యాదు చేశాడు. శత్రువు పక్షానికి వెళ్లాలనుకున్నావంటే నువ్వే అనుకున్నావని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. గవర్నర్ రాబర్ట్ సిడ్నీ ఆ మాటలు ఉన్నవున్నట్టు లండన్‌కు రాసి మనుషులను పంపేశాడు. ఈ ఉత్తరాన్ని ఆర్.బి. వెర్నమ్ 1976లో ప్రచురించాడు. అంటే 1593 నాటి జాబితా రాసింది పాత పగ ఉన్న మనిషి అని మనకు స్పష్టంగా తెలిసింది 1976 తర్వాతే. అంతకుముందు మార్లో తాత్త్విక చింతన మీద వచ్చిన పుస్తకాలను ఆ ఎరుకతోనే చదవాలి. బేన్స్ చెప్పిందంతా అబద్ధమని నేను అనడం లేదు. నాటక రచయిత థామస్ కిడ్ కూడా ఇంచుమించు అలాంటి మాటలే రాశాడు. అయితే కిడ్‌ను అరెస్టు చేశారు, చిత్రహింస పెట్టారు. అతని గదిలో దొరికిన మతద్రోహ కాగితాలు మార్లోవని, ఒకే గదిలో రాసుకునేటప్పుడు తన కాగితాల్లో కలిసిపోయాయని అతను చెప్పుకున్నాడు. ప్రాణభయంతో ఉన్న మనిషి మాటను ఎంతవరకు తీసుకోవాలో మీరే ఆలోచించండి.

ఇప్పుడు మార్లో చనిపోయిన ఊరు, లండన్ పక్కనున్న డెట్‌ఫర్డ్. మార్లో చావు మీద మూడు వందల ఏళ్లు కథలే నడిచాయి. 1597లో థామస్ బేర్డ్ అనే మతబోధకుడు, దేవుణ్ణి తిట్టినందుకు లండన్ వీధిలో తన కత్తికే తాను బలయ్యాడని రాశాడు. మరుసటి ఏడు ఫ్రాన్సిస్ మియర్స్, ఆడదాని కోసం ఒక నౌకరు పొడిచాడన్నాడు. 1600లో విలియం వాన్ ఒక్కడు మాత్రం డెట్‌ఫర్డ్ అన్న ఊరిపేరు, ఇంగ్రమ్ అన్న మనిషిపేరు సరిగ్గా చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. చర్చి సమాధుల రిజిస్టరులో హంతకుడి ఇంటిపేరు ఫ్రైజర్ అని ఉంటే దాన్ని ఆర్చర్ అని చదివి, ‘ఫ్రాన్సిస్ ఆర్చర్’ అన్న లేని మనిషిని పుట్టించారు. 

లెస్లీ హాట్సన్ అనే యువ పరిశోధకుడు లండన్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో వేరే పని మీద పాత పత్రాల సూచిక తిరగేస్తుండగా ఇంగ్రమ్ ఫ్రైజర్ అన్న పేరు కంటపడింది. అక్కడి నుంచి తీగ లాగాడు. ఆ పేరు మీద రాణి ఇచ్చిన క్షమాభిక్ష దొరికింది. దాన్ని పట్టుకుని వెళితే లాటిన్‌లో రాసిన శవపంచనామా దొరికింది. 1925లో ప్రచురించాడు.

అందులో ఏముందో కాస్త వివరంగా చెప్పాలి. ఉదయం పది గంటలకు మార్లో, ఫ్రైజర్, నికొలస్ స్కీర్స్, రాబర్ట్ పోలీ అనే నలుగురు ఎలినార్ బుల్ అనే వితంతువు ఇంట్లో కలిశారు. భోజనం చేశారు. తోటలో తిరిగారు. సాయంత్రం ఆరింటికి లోపలికి వచ్చి రాత్రి భోజనం చేశారు. బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. మార్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఫ్రైజర్ మంచానికి వీపు పెట్టి బల్ల దగ్గర కూర్చున్నాడు, అటూ ఇటూ మిగతా ఇద్దరు. మార్లో వెనక నుంచి ఫ్రైజర్ మొలలో ఉన్న బాకు లాగి అతని తల మీద రెండు గాయాలు చేశాడు. పెనుగులాటలో ఫ్రైజర్ అదే బాకుతో మార్లో కుడి కంటి పైన పొడిచాడు. గాయం లోతు రెండు అంగుళాలు, వెడల్పు ఒక అంగుళం. బాకు ఖరీదు 12 పెన్నీలు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. రాణి కొలువు కరోనర్, అంటే అసహజ మరణాలు విచారించే అధికారి, విలియం డ్యాన్‌బీ జూన్ 1న 16 మంది జ్యూరీతో విచారణ చేసి ఆత్మరక్షణ అని తేల్చాడు. అదే రోజు శవాన్ని పూడ్చిపెట్టారు. ఫ్రైజర్‌కు నెల తిరక్కముందే, జూన్ 28న, క్షమాభిక్ష వచ్చింది.

కొలతలన్నీ ఇంత కచ్చితంగా ఉన్నాయి కాబట్టి నిజమే అనిపిస్తుంది. గాయాన్ని జ్యూరీ కొలిచింది, నిజమే. గాయానికి ముందు ఏం జరిగిందో చెప్పింది మాత్రం ఆ గదిలో బతికి బయటపడ్డవాళ్లు. పోలీ ప్రభుత్వానికి పాత వేగు, రాణిని చంపాలని పన్నిన 1586 నాటి బాబింగ్టన్ కుట్రను బయటపెట్టడంలో పాత్ర ఉన్నవాడు. 1593 మే 8 నుంచి జూన్ 8 దాకా, అంటే ఆ హత్య జరిగిన రోజుతో సహా, రాణి సేవలోనే ఉన్నాడని అతనికి జీతం ఇచ్చిన కాగితం చెబుతోంది. స్కీర్స్‌కూ ఆ లోకంతో సంబంధాలున్నాయి. ఫ్రైజర్ మార్లో పోషకుడైన థామస్ వాల్సింగ్‌హామ్ దగ్గర మనిషి. మార్లో మీద మే 18న వారంటు వచ్చి, మే 20 నుంచి రోజూ కౌన్సిల్‌కు హాజరు వేయించుకుంటున్న పరిస్థితి.

ఇక్కడ జీవిత చరిత్రకారులు విడిపోతారు. చార్లెస్ నికల్ 1992లో ఇది బిల్లు తగాదా కాదు, రాజకీయ హత్య అన్నాడు. ఆ పుస్తకం అద్భుతమైన పరిశోధన, చేతిలోంచి కింద పెట్టలేం. మొదట రాణి ఆస్థానంలో పలుకుబడి ఉన్న ఎసెక్స్ ప్రభువు వర్గం మీద అనుమానం పెట్టి, 2002 నాటి రెండో కూర్పులో ఆ వాదాన్ని తానే సవరించుకున్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. డేవిడ్ రిగ్స్ 2004లో, పార్క్ హోనన్ 2005లో తమ తమ చరిత్రలు రాశారు. కాన్స్టన్స్ కురియామా మాత్రం 2002లో, పంచనామా చెప్పినట్టే బిల్లు దగ్గర తగాదా ముదిరి ఉండొచ్చు, కాదనడానికి గట్టి ఆధారం ఏదీ అంది. నా మొగ్గు కురియామా వైపు. ఆ గదిలో బతికి బయటపడ్డ ముగ్గురి మాట నమ్మలేం, ఒప్పుకుంటాను. కానీ సాక్షులు అబద్ధాలకోరులైనంత మాత్రాన మనం ఊహించుకున్న కుట్ర రుజువైపోదు. మార్లో చావలేదు, పారిపోయి షేక్‌స్పియర్ పేరుతో రాశాడని కాల్విన్ హాఫ్‌మన్ 1955లో పుస్తకం వేసి, రాతప్రతులు దొరుకుతాయని మరుసటి ఏడు వాల్సింగ్‌హామ్ సమాధి తెరిపించాడు. లోపల ఇసుక దొరికింది. దాని గురించి ఇంతకంటే సమయం అక్కర్లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే. చావు కథ మీద ఇంత మోజు పెరిగి, నాటకాలను కూడా ఆ కథకు సాక్ష్యాలుగా చదవడం మొదలైంది. బేన్స్ నాస్తికుడన్నాడు కాబట్టి ఫాస్టస్ నాస్తికుడి నాటకం. ఫాస్టస్ అలాంటి నాటకం కాబట్టి బేన్స్ చెప్పింది నిజం. ఈ గానుగ తిరుగుడును లూకస్ ఎర్నె 2005 నాటి వ్యాసంలో చక్కగా పట్టి చూపించాడు. అసలు ఏ ఫాస్టస్? మనకున్నవి రెండు పాఠాలు. మొదటిది 1604లో, అంటే మార్లో పోయిన 11 ఏళ్లకు, రెండోది 1616లో అచ్చయ్యాయి. రెండోదానిలో మొదటిదాని పంక్తులు 36 లేవు, కొత్తవి 676 ఉన్నాయి. నాటకశాల యజమాని ఫిలిప్ హెన్‌స్లో 1602లో ఫాస్టస్‌కు చేర్పులు రాసినందుకు విలియం బర్డ్, శామ్యూల్ రౌలీలకు 4 పౌండ్లు ఇచ్చినట్టు లెక్కల్లో రాసుకున్నాడు. డబ్ల్యు.డబ్ల్యు. గ్రెగ్ 1950లో రెండు పాఠాలనూ ఎదురెదురు పేజీల్లో వేశాక కూడా, ఒక పంక్తి ఎత్తి ఇది మార్లో ఆత్మఘోష అనేవాళ్లు తగ్గలేదు. వాళ్లు ఎత్తిన పంక్తి ఏ పాఠంలోదో ముందు అడగండి.

బొమ్మ సంగతీ ఇంతే. చేతులు కట్టుకుని, ఖరీదైన కోటు తొడుక్కున్న ఒక యువకుడి చిత్రం దాదాపు ప్రతి మార్లో పుస్తకం అట్ట మీదా కనిపిస్తుంది. 1950ల మొదట్లో కార్పస్ క్రిస్టీ కాలేజీలో మరమ్మతులప్పుడు చెత్తలో దొరికింది. దాని మీద 1585 అని, వయసు 21 అని ఉంది. మార్లో వయసు సరిపోతుంది. పేరు మాత్రం లేదు.

పరిశోధన చేయాలనుకునే విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి చివరిగా ఒక పని చెబుతాను. కురియామా పుస్తకం చివర అనుబంధంలో మార్లోకు సంబంధించిన మూలపత్రాలు వేసింది, లాటిన్‌లో ఉన్నవాటికి అనువాదంతో సహా. ముందు ఆ అనుబంధం చదవండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి పత్రానికీ రాసినదెవరు, ఎవరికి, ఏ తేదీన, ఎవరి ఒత్తిడి మీద అని నాలుగు గడులు గీసుకుని నింపండి. కిడ్ ఉత్తరాల తేదీ గడి నింపేటప్పుడు జాగ్రత్తగా చూడండి, అవి రాసేనాటికి మార్లో బతికి లేడు. ఆ తర్వాత నికల్ తెరవండి, అర్రీ తెరవండి. మీ గడులతో వాళ్లు ఎక్కడ ఏకీభవించారో, ఎక్కడ దాటిపోయారో మీకే కనిపిస్తుంది. ప్రశ్నలుంటే ఇప్పుడు తీసుకుంటాను.